రెండు అంకణాల వంటింట్లో గట్టు ఏ గోడకు?

తిరుపతిలో స్థలం లెక్క అంకణాల్లో నడుస్తుంది. ఇక్కడ అంకణమంటే ఆరడుగులకు ఆరడుగులు, అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు పోతే అదే మాటకు 72 చదరపు అడుగులు. 30 అంకణాల స్థలంలో ఇల్లు వేస్తే చుట్టూ వదిలే ఖాళీ, మెట్లు, హాలు, రెండు పడగ్గదులు, పూజగది పోగా వంటింటికి దక్కేది సుమారుగా రెండు అంకణాలు. ఎనిమిదికి తొమ్మిది అనుకోవచ్చు. ప్లాను గీయించేటప్పుడు హాలు ఎంత ఉండాలి, బాత్‌రూమ్ తలుపు ఎటు తెరుచుకోవాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి 'ఆగ్నేయంలో వేసేయండి' అన్న ఒక్క మాటతో చర్చ ముగుస్తుంది. గట్టు ఏ గోడకు, సింక్ ఎక్కడ, స్టవ్ ఎక్కడ అన్న ప్రశ్నలు గోడలు లేచి, పూత పని నడుస్తుండగా మేస్త్రీ అడిగినప్పుడే గుర్తొస్తాయి. అప్పటికి సైటు దగ్గర ఉన్నవాళ్లు ఎవరైతే వాళ్లే జవాబు చెప్పేస్తారు. రోజూ వంట చేసే మనిషి ఆ సమయానికి అక్కడ ఉండటం తక్కువ.

చిత్తూరు, తిరుపతి వైపు వంటగట్టు అంటే ఇప్పటికీ చాలా ఇళ్లలో నిలువు కడప బండలు, వాటి మీద పలక, దాని మీద గ్రానైట్. చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు, బరువుకు వంగదు. మంచి పద్ధతే. కానీ ఒకసారి పెట్టాక జరపడం కుదరదు. సోఫా నచ్చకపోతే పక్క గోడకు వేసుకోవచ్చు. సింక్ ఒక అడుగు అటు ఉంటే బాగుండేదని గృహప్రవేశం అయిన మర్నాడే తెలిసినా, ఇరవై ఏళ్లు అలాగే సర్దుకుపోవాలి. అందుకే మోడ్యులర్ కిచెన్ బొమ్మలు చూసి రంగులు ఎంచుకోవడానికి ముందు తేల్చుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఆకారం కాదు. సింక్‌కూ స్టవ్‌కూ నడుమ ఎంత గట్టు ఖాళీగా మిగులుతుందన్నది. వంటలో చేతికి ఎక్కువ పని పడేది అక్కడే. బియ్యం కడిగి పెట్టేది, కూరగాయలు తరిగేది, కుక్కర్ దించేది, దోసెలు వేస్తూ పిండిగిన్నె పెట్టుకునేది, పోపుకు ఆవాలు, ఎండుమిరపకాయలు అందుబాటులో ఉంచుకునేది అంతా ఆ జాగాలోనే. అది మూడడుగులు ఉంటే పని హాయిగా సాగుతుంది. రెండున్నరకు తగ్గితే ఇరుకు. ఒకటిన్నర అడుగే మిగిలిందంటే, వంటింటికి లక్షలు పోసినా తరిగే పలకను స్టవ్ పక్కన అంచు మీద ఆనించి తరుగుతూ ఉంటారు. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, గట్టు పొడవు పదడుగులు ఉన్నా సింక్‌ను సరిగ్గా మధ్యలో పెట్టేస్తారు. కిటికీ కింద సింక్ ఉంటే చూడటానికి బాగుంటుందని అలా చేస్తారు. దాంతో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు ముక్కలవుతాయి. అటు ముక్కలో మిక్సీ, నీళ్ల ఫిల్టర్, ఇటు ముక్కలో స్టవ్ చేరాక తరగడానికి చోటు మిగలదు. అదే సింక్‌ను ఒక కొసకు జరిపి ఉంటే అంత గట్టూ ఒక్కచోట కలిసి వచ్చేది.

స్టవ్‌కు రెండో పక్క కూడా కనీసం ఒకటిన్నర అడుగు గట్టు ఉండాలి. దించిన గిన్నె పెట్టడానికే కాదు, గిన్నె కాడ గోడకు తగలకుండా, పక్కన నడిచేవాళ్లకు తగలకుండా ఉండటానికి కూడా. స్టవ్‌ను గట్టు కొసన, తలుపు పక్కనే పెట్టిన ఇళ్లలో పిల్లలు పరుగెత్తుతూ వస్తే ఎంత భయంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

చిన్న వంటింటిని అడుగులు లెక్కపెట్టి కట్టాలన్న ఆలోచన పాతదే. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్ల కోసం మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఒక వంటిల్లు రూపొందించారు. 1.9 మీటర్ల వెడల్పు, 3.44 మీటర్ల పొడవు. లెక్క వేస్తే 70 చదరపు అడుగులు, మన రెండు అంకణాలకు రెండు చదరపు అడుగులే తక్కువ. రైలు భోజనశాల పెట్టెలో అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారో ఆమె గమనించారు. ఒక్కో పనికి ఎంతసేపు పడుతుందో, ఎన్ని అడుగులు నడవాల్సి వస్తుందో కొలిచారు. అలాంటివి సుమారు పదివేల వంటిళ్లు ఆ నగరంలో కట్టారు. ఈనాడు మోడ్యులర్ కిచెన్ అని మనం పిలుస్తున్నదానికి మూలం అక్కడుంది. దాని మీద ఒక ఆక్షేపణ కూడా వచ్చింది, మనకు అది బాగా పనికొస్తుంది. ఆ వంటింట్లో ఒక్క మనిషే పని చేయగలదు. ఇంకొకరు లోపలికి వస్తే ఇద్దరూ కదల్లేరు.

ఆ తర్వాత 1940లలో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పని త్రికోణం అనే సూత్రం రూపుదిద్దుకుంది. స్టవ్, సింక్, ఫ్రిజ్ మూడింటినీ గీతలతో కలిపితే ఒక్కో గీత నాలుగు నుంచి తొమ్మిది అడుగుల మధ్య ఉండాలి, మూడూ కలిపి 26 అడుగులు మించకూడదు. ఇంటీరియర్ వాళ్లు ఇప్పటికీ ఇదే చూపిస్తారు. సూత్రంలో తప్పేమీ లేదు, కానీ అది పుట్టిన ఇల్లు వేరు. అక్కడ వారానికి సరిపడా సరుకు ఫ్రిజ్‌లో ఉంటుంది, మూడు పూటలా దాన్ని తెరవాలి. మన వంటలో ఫ్రిజ్ దగ్గరికి వెళ్లేది పాలకూ, కూరగాయలకూ, పిండిగిన్నెకూ. అంతకన్నా ఎక్కువసార్లు వెళ్లేది బియ్యం డబ్బా దగ్గరికి, పోపుల డబ్బా దగ్గరికి, మిక్సీ దగ్గరికి, అంట్లు పడేసే వాష్ ఏరియాకు. కాబట్టి మన ఇంట్లో త్రికోణానికి నాలుగో కొస ఉంది, అది వాష్ ఏరియా తలుపు. ఫ్రిజ్ వంటింటి గుమ్మం దగ్గరగా, లోపలికి రాకుండానే అందేలా ఉంటే చాలు. మంచినీళ్ల కోసం, పెరుగు కోసం వచ్చేవాళ్లు వంట చేసే మనిషిని దాటుకుని పోవాల్సిన పని ఉండదు. నీళ్ల ఫిల్టర్‌కూ ఇదే మాట వర్తిస్తుంది.

ఆగ్నేయం ఇచ్చేది, అడ్డుపడేది

వాస్తును పక్కన పెట్టి ఈ ప్రాంతంలో వంటింటి గురించి రాయడం గాలిలో రాయడమే. పొయ్యి ఆగ్నేయంలో, వండే మనిషి తూర్పు ముఖంగా, నీళ్లు ఈశాన్యంలో అన్నది అందరూ పాటించేదే. మంచి విషయం ఏమిటంటే, ఈ మూడు నియమాలూ పనికి అడ్డం రావు, సరిగ్గా వాడుకుంటే సాయమే చేస్తాయి. తూర్పు గోడ పొడవునా గట్టు వేసి, దాని ఉత్తరపు కొసన సింక్, దక్షిణం వైపు స్టవ్ పెడితే రెంటి నడుమా ఖాళీ గట్టు దానంతట అదే వస్తుంది. తూర్పు బయటిగోడ కాబట్టి సింక్ నీళ్లు నేల కింద పైపులో గది అంతా తిరగకుండా నేరుగా బయటికి పోతాయి. లోపలి గోడకు సింక్ పెట్టినచోటే మలుపుల్లో జిడ్డు పేరుకుని మాటిమాటికీ పూడుకుపోతుంటుంది.

చిక్కు వచ్చేది రోడ్డు వైపు నుంచి. ఉత్తరం ముఖం, పడమర ముఖం ఇళ్లలో ఆగ్నేయ మూల ఇంటి వెనక పడుతుంది. వెనక కొంచెం ఖాళీ వదిలితే వాష్ ఏరియా సులువుగా కుదురుతుంది, అంట్లు, వాషింగ్ మెషిన్, చెత్తడబ్బా అన్నీ కంటికి కనబడకుండా పోతాయి. తూర్పు ముఖం, దక్షిణం ముఖం ఇళ్లలో ఆగ్నేయమంటే ఇంటి ముందు మూల. వంటింటి కిటికీ రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. వాష్ ఏరియాను ముందు పెట్టలేరు, పక్క సందులో మూడడుగుల వెడల్పే దొరుకుతుంది. ఇలాంటి స్థలాల్లో వంటింటి నుంచి ఒక అడుగు వెడల్పు తగ్గించైనా పక్క సందు వైపు వాష్ ఏరియాను నాలుగడుగులు చేసుకోవడం లాభం. వంటిల్లు కొంచెం చిన్నదైనా సర్దుకోవచ్చు. అంట్లన్నీ వంటింటి సింక్‌లోనే గుట్టపడే ఇంట్లో ఎంత పెద్ద గట్టు ఉన్నా చాలదు.

ఈ ఎనిమిదికి తొమ్మిది గదినే తీసుకుని ఒకసారి కొలిచి చూద్దాం. తూర్పు గోడ తొమ్మిదడుగులు అనుకుంటే, ఉత్తరపు కొసన సింక్‌కు రెండడుగులు, ఆపైన ఖాళీ రెండుముప్పావు, స్టవ్‌కు రెండుంపావు, మిగిలిన రెండడుగులు ఆగ్నేయ మూల. అక్కడి నుంచి గట్టు దక్షిణం గోడకు మళ్లుతుంది. ఆ గోడ ఎనిమిదిలో మూల రెండు పోను ఆరు. చివర వాష్ ఏరియా తలుపుకు రెండున్నర తీసేస్తే మూడున్నర మిగిలింది. అది మిక్సీకీ, గ్రైండర్‌కూ సరిపోతుంది. పడమటి గోడకు, గుమ్మం దగ్గర ఫ్రిజ్. గట్లు పోగా నేల ఆరుకు ఏడు మిగులుతుంది. ఫ్రిజ్ ముందు కూడా మూడున్నర అడుగుల దారి ఉంటుంది. ఇదే ఎల్ ఆకారం. కొత్తగా కట్టుకునే మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువమందికి కుదిరేది ఇదే, పెట్టుకోదగ్గదీ ఇదే.

తక్కిన ఆకారాల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. ఒకే గోడకు గట్టు ఉండే వంటిల్లు చిన్న పోర్షన్లకు, అద్దె ఇళ్లకు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం భోజనాల గది విడిగా ఉన్న ఇంట్లో వంటిల్లు కనీసం 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు ఉండాలి. అంటే ఒకటిన్నర అంకణం, ఆరడుగుల వెడల్పు. అంత వెడల్పులో రెండడుగుల గట్టు పోగా నాలుగడుగులు మిగులుతుంది కాబట్టి ఒకే గట్టు తప్ప వేరే దారి లేదు. గట్టు తొమ్మిదడుగులు ఉంటే చాలు, బాగానే నడుస్తుంది. ఎదురెదురు గట్లకు ఏడున్నర నుంచి ఎనిమిదడుగుల వెడల్పు కావాలి. పని వేగంగా సాగే ఆకారం అది, ఇటు తిరిగితే స్టవ్, అటు తిరిగితే మిక్సీ. అయితే వాష్ ఏరియా దారి ఆ రెండు గట్ల మధ్య నుంచి పోకూడదు. పోతే వేడి గిన్నె పట్టుకుని తిరిగే మనిషికీ, చీపురు పట్టుకుని నడిచే మనిషికీ రోజూ ఢీ. యూ ఆకారం చూడటానికి నిండుగా ఉంటుంది కానీ రెండు మూలలు, ఒక్కొక్కటి రెండుకు రెండు, లోపలికి చెయ్యి అందని చీకటి గూళ్లయిపోతాయి. ఎనిమిదడుగుల కన్నా చిన్న గదిలో అది వేస్తే మధ్యలో ఇద్దరు తిరగడానికి చోటుండదు. గది మధ్యలో గట్టు పెట్టే ఐలాండ్‌కు చుట్టూ మూడున్నర అడుగులు వదలాలి. పన్నెండు పదమూడు అడుగుల గది ఉన్నవాళ్ల సంగతి వేరు, రెండు అంకణాల వాళ్లు ఆ ఫొటోలు చూసి మనసు పాడుచేసుకోవద్దు.

సంగటి కెలికే చేతి ఎత్తు

ఆకారం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఎత్తు మీద పెట్టడం లేదు. నడుములు, భుజాలు నొప్పి పుట్టేది ఎత్తు వల్లే. తరగడానికీ, కలపడానికీ గట్టు మోచేతి కన్నా నాలుగంగుళాలు కిందికి ఉండాలి. ఐదడుగుల మనిషికి మోచెయ్యి నేల నుంచి సుమారు 38 అంగుళాల దగ్గర ఉంటుంది. అందుకే 33, 34 అంగుళాల గట్టు మన ఆడవాళ్లకు సరిపోతుంది. మోడ్యులర్ వాళ్లు 36 చెబితే ఒప్పుకోవద్దు, అది పొడుగు మనుషుల లెక్క.

ఇక్కడే చిత్తూరు వంటకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రాగి సంగటి చేసే తీరు చూడండి. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూత పెట్టి మగ్గనిచ్చి, ఆపైన కట్టెతో ఉండలు లేకుండా గట్టిగా కెలకాలి. ఆ కెలకడంలో బలమంతా భుజం నుంచి కిందికి దిగాలి. గట్టు 33 అంగుళాలు, దాని మీద స్టవ్ ఐదు, స్టవ్ మీద సంగటి గిన్నె తొమ్మిది. గిన్నె అంచు 47 అంగుళాల ఎత్తుకు చేరింది, మోచేతి కన్నా తొమ్మిదంగుళాలు పైకి. కట్టె పట్టుకున్న చెయ్యి దాదాపు భుజం దాకా లేస్తుంది. అంత ఎత్తులో చేతికి బలం రాదు. అందుకే ఎంత ఆధునికమైన వంటిల్లయినా చాలా ఇళ్లలో సంగటి గిన్నెను దించి నేల మీద పెట్టుకుని, మసిగుడ్డతో అంచు అదిమి పట్టి, వంగి కెలుకుతారు. గట్టు తప్పును నడుము మోస్తోందన్నమాట.

దీనికి విరుగుడు సులువు. స్టవ్ ఉండే మూడడుగుల మేర గట్టును ఐదంగుళాలు దించి, 28 అంగుళాల దగ్గర వేయించడమే. అప్పుడు గిన్నె అంచు 42 దగ్గర ఉంటుంది, లోపల ఉడికేది కూడా కంటికి కనబడుతుంది. గ్రానైట్ వేసేటప్పుడు ఒక మెట్టు కొట్టమంటే మేస్త్రీకి పెద్ద కష్టమేమీ కాదు, ఖర్చూ పెద్దగా పెరగదు. కాకపోతే తూర్పు గట్టంతా ఒకే మట్టంలో ఉండదు, కుక్కర్‌ను పక్కకు జరపలేరు, ఎత్తి పెట్టాలి. రోజూ సంగటి చేసే ఇంటికి ఈ మార్పు చేసి తీరాలి. ఎప్పుడో ఒకసారి చేసేవాళ్లకు వాష్ ఏరియాలో అడుగున్నర ఎత్తు దిమ్మ కట్టి, ఒంటి పొయ్యి పెట్టుకునే వీలు ఉంచుకుంటే చాలు. పండగలకు ఓలిగలు కాల్చడానికీ, బంధువులొచ్చినప్పుడు పెద్ద డేగిసాలో నాటుకోడి పులుసు కాయడానికీ అదే పనికొస్తుంది.

గట్టు కింది భాగంలో మూడు నాలుగంగుళాలు లోపలికి వదిలితే కాలి వేళ్లకు చోటు దొరుకుతుంది, మనిషి గట్టుకు దగ్గరగా నిటారుగా నిలబడగలదు. పై అరల్లో రోజూ వాడే డబ్బాలు ఆరడుగుల ఎత్తుకు మించి ఉండకూడదు. ఆ పైన అటక మీద సంక్రాంతికీ, పెళ్లిళ్లకూ తీసే ఇత్తడి సామాను పెట్టుకోవచ్చు. ఇంకొక చిన్న సంగతి. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో నేల మీద నాలుగడుగుల జాగా గుమ్మానికి దగ్గరగా ఖాళీగా ఉంచాలి. కాళ్లు చాపుకుని కూర్చుని ఆకుకూర బాగు చేయడం, చిక్కుడుకాయలు ఒలవడం, మామిడికాయల రోజుల్లో కత్తిపీట ముందేసుకుని ఊరగాయ ముక్కలు కొట్టడం నిలబడి చేసే పనులు కావు. వంటింట్లో ఆ చోటు లేకపోతే అవ్వ హాల్లో టీవీ ముందుకు చేరుతుంది, కోడలు ఒంటరిగా వండుతుంది.

ఇద్దరు, అప్పుడప్పుడు నలుగురు

తిరుపతి ఇంటికి ఉన్నంత చుట్టాల తాకిడి ఇంకే ఊరి ఇంటికీ ఉండదంటే అతిశయం కాదు. హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో దర్శనానికి వచ్చినవాళ్లు ముందురోజు రాత్రి దిగుతారు. తెల్లవారకముందే బయల్దేరతారు. క్యూలో ఎంతసేపు పడుతుందో అన్న టెన్షన్‌తో పులిహోర, పెరుగన్నం కట్టి పంపాలి. అర్ధరాత్రి దాటాక ఒక వంటింట్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఒక పక్క చింతపండు పులుసు ఉడుకుతోంది, ఇంకో పక్క అన్నం వెడల్పు పళ్లెంలో ఆరబెట్టాలి. ఆ పళ్లేనికి రెండడుగుల గట్టు కావాలి. అత్త పోపు వేస్తోంది, కోడలు ఫ్లాస్కులో పాలు పోస్తోంది, వచ్చిన పిన్నమ్మ 'నేనేమైనా చేయనా అమ్మా' అంటూ గుమ్మంలో నిలబడింది. "అత్తా, రవంత జరుగు" అన్న మాట పది నిమిషాల్లో ఎన్నిసార్లు వినిపిస్తుందో దాన్ని బట్టి ఆ వంటిల్లు ఎలా కట్టారో చెప్పేయవచ్చు.

ఒక్క మనిషి వండే ఇంట్లో గట్టు ముందు మూడున్నర అడుగులు చాలు. ఇద్దరు కలిసి వండే ఇంట్లో నాలుగడుగులు తప్పనిసరి. ఎల్ ఆకారం మన ఇళ్లకు సరిపోవడానికి ఇది ఇంకో కారణం. ఒకరు తూర్పు గట్టు దగ్గర, ఇంకొకరు దక్షిణం గట్టు దగ్గర నిలబడితే వీపులు తగలవు. వంటింటికీ భోజనాల బల్లకూ మధ్య గోడలో గట్టు ఎత్తున మూడడుగుల కిటికీ లాంటి ఖాళీ వదిలితే ఇంకా మేలు. గిన్నెలు అందులోంచి అందించవచ్చు, సాయం చేయాలనుకునే చుట్టం అవతలి వైపు నిలబడి అన్నం కలపవచ్చు. పూర్తిగా ఓపెన్ కిచెన్ పెట్టుకోవడం కన్నా ఇదే నయం. మన పోపు ఘాటు, ఎండుమిరపకాయల కోరు హాలు కర్టెన్లకు పట్టుకుంటే వదలవు. పైగా కొండకు వెళ్లే చుట్టాలు నీచు ముట్టరు, ఇంట్లో పిల్లలకు కోడికూర చేసిన రోజే వాళ్లు దిగితే మధ్యలో గోడ ఉండటం అందరికీ ఇబ్బంది తప్పిస్తుంది.

వేడి సంగతి. తిరుపతి ఎండలు ఎలాంటివో చెప్పనక్కర్లేదు, మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఆగ్నేయపు వంటింటికి సాయంత్రపు ఎండ తగలదు, అది పెద్ద ఊరట. కానీ వంట జోరుగా సాగే ఏడు నుంచి పది గంటల మధ్య తూర్పు కిటికీ లోంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా ఈ ఊళ్లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తినో, కాస్త ఉత్తరానికో ఉంటాడు. కాబట్టి వేసవిలో దక్షిణం కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు. దక్షిణం వైపు కిటికీ పెద్దదిగా, తూర్పు కిటికీ మీద రెండడుగుల సజ్జతో, స్టవ్‌కు ఎదురుగా కాకుండా ఖాళీ గట్టు పైన వచ్చేలా పెట్టుకోవడం తెలివైన పని. స్టవ్ వెనకే కిటికీ ఉంటే గాలికి మంట ఆరిపోతుంది, మంట ఆరి గ్యాస్ వస్తూనే ఉండటం ప్రమాదం. ఫ్యాన్‌కూ అంతే. గది నడిమధ్యన బిగిస్తే వంట మొదలవగానే ఆపేయాల్సి వస్తుంది. వాష్ ఏరియా తలుపు వైపు, మిక్సీ గట్టు దగ్గర నిలబడే మనిషికి తగిలేలా గోడ ఫ్యాన్ పెడితే ఉపయోగం.

చిమ్నీ కొనేవాళ్లు బయటికి గొట్టం ఉన్నదే కొనాలి. గొట్టం లేనివి జిడ్డును వడగట్టి, వేడిని తిరిగి గదిలోకే వదులుతాయి. స్టవ్ బయటిగోడకు ఉంటే గొట్టం రెండడుగుల్లో బయటపడుతుంది. లోపలి గోడకు ఉంటే సీలింగ్ పొడవునా మలుపులు తిరగాలి, మలుపుకొకసారి లాగే శక్తి తగ్గుతుంది. తూర్పు గోడకు స్టవ్ పెట్టమన్న పాత మాట ఇక్కడ కూడా కలిసొస్తుంది.

గ్యాస్ సిలిండర్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అందంగా కనబడాలని దాన్ని తలుపుల అరలో బిగించేసే అలవాటు పెరిగింది. ఎల్పీజీ గాలి కన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. మూసిన అరలో అయితే అక్కడే నిండుతుంది. సిలిండర్ పెట్టే గూటికి నేల మట్టాన గాలి పోయే రంధ్రాలు ఉండాలి, సిలిండర్ నిలువుగా ఉండాలి, సరిగ్గా స్టవ్ కింద ఉండకూడదు. రబ్బరు ట్యూబ్ పొడవు మీటరున్నర మించకూడదు, గోడలోంచి పోకూడదు, ఐదేళ్లకోసారి మార్చాలి. ఈ ఒక్క ట్యూబ్ లెక్కే స్టవ్ ఎక్కడ, సిలిండర్ ఎక్కడ అన్నది సగం తేల్చేస్తుంది. పైన చెప్పిన గదిలో అయితే దక్షిణం గట్టు కింద, మూల దాటాక మొదటి గూడు దానికి తగిన చోటు. నిండు సిలిండర్ ముప్పై కేజీల దాకా బరువుంటుంది, వాష్ ఏరియా తలుపు నుంచి నేరుగా దొర్లించుకు రావచ్చు.

కరెంటు పాయింట్లు గోడ పూతకు ముందే లెక్కపెట్టుకోవాలి. మిక్సీ, టేబుల్ టాప్ గ్రైండర్, ఫిల్టర్, ఫ్రిజ్, చిమ్నీ, ఇండక్షన్ స్టవ్, ఓవెన్. అన్నీ ఇప్పుడే లేకపోయినా రేపు వస్తాయి. ఇండక్షన్‌కూ ఓవెన్‌కూ 16 ఆంప్స్ పాయింట్లు కావాలి. ఏదీ సింక్‌కు రెండడుగుల లోపల ఉండకూడదు. గ్రైండర్ చోటు విషయంలో మాత్రం తొందరపడొద్దు. పిండి రుబ్బాక దాన్ని కడగాలి, రాయి బరువు. సింక్ దాకా గది అంతా మోసుకుపోయే చోట పెడితే నెల తిరక్కుండా అటకెక్కుతుంది. దక్షిణం గట్టు చివర, వాష్ ఏరియా తలుపు పక్కన పెడితే అక్కడే కడిగేసుకోవచ్చు.

ఇవన్నీ కాగితం మీద సరిపోయినట్టే ఉంటాయి. అందుకే గట్టు పలకలు దింపడానికి ముందు, గోడలు లేచి నేల చదునైన రోజున, వంట చేసే మనిషి సైటుకు వెళ్లాలి. చేతిలో టేపు, ఒక డబ్బాలో ముగ్గుపిండి. గట్టు అంచు ఎక్కడ వస్తుందో నేల మీద గీయాలి. సింక్‌కు ఒక చతురస్రం, స్టవ్‌కు ఒకటి, ఫ్రిజ్‌కు తలుపు తెరిచే జాగాతో సహా ఒకటి, సిలిండర్‌కు సున్నా. మేస్త్రీ దగ్గర ఇటుకలుంటాయి, వాటిని 33 అంగుళాలకు పేర్చి పైన ఒక పలక వేస్తే గట్టు ఎత్తు చేతికి తెలుస్తుంది. ఇప్పుడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో అదే వరసలో ఆ గీతల మధ్య తిరిగి చూడాలి. పాలు తీసి కాచడం, బియ్యం కొలిచి కడగడం, కుక్కర్ ఎక్కించడం, చట్నీ రుబ్బడం, డబ్బాలు కట్టడం. అత్తాకోడళ్లు ఇద్దరూ వండే ఇల్లయితే ఇద్దరూ ఒకేసారి తిరగాలి. ఎక్కడ ఒకరికొకరు అడ్డం వస్తున్నారో, ఎక్కడ ముగ్గు చెరిగిపోతోందో అక్కడ గీత జరపాలి. పూట పని అది. అది అయ్యాకే మేస్త్రీకి గోడ మీద గుర్తు పెట్టమని చెప్పాలి.